రంగేసి వొదిలేస్తే బాగుచేసినట్టేనా?

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద పాటన్ ట్యాంకు చాలామంది చూసే ఉంటారు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ నుంచి మన సైన్యం పట్టుకున్నది. నలభై టన్నులు దాటిన ఇనప ముద్ద. దాని ముందు నిలబడి ఫొటో దిగుతాం, వెళ్లిపోతాం. లోపల ఏటుందో, ఎవరు కూర్చునీవోరో, దాని మీద ఎవరు కాల్చేరో మనకి తెలీదు. విశాఖ బీచ్‌లో అలగ కాదు. 2002లో కురుసుర సబ్‌మెరైన్‌నీ, 2017లో టీయూ-142 విమానాన్నీ మ్యూజియాలు చేసేరు. టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్లి చూడొచ్చు. ఇప్పుడు టూరిజం మోజంతా అరకు మీద ఉంది కాబట్టి, రేపు ఇక్కడ కూడా ఒక పాత మిలటరీ బండి పెడదామంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే ముందే మాటాడుకోవాలి.

మన ఊళ్లలో బాగుచెయ్యడమంటే రంగెయ్యడం. ట్యాంకుకి అది మరీ అన్యాయం. మూతలు వెల్డింగ్ చేసి వానలో వొదిలేస్తే నీళ్లు లోపలికి దిగుతాయి, బైటికి పోవు. పైన పచ్చరంగు, లోపల తుప్పు. నిజంగా బాగుచెయ్యాలంటే మొదట పేలుడు సరుకేదీ మిగల్లేదని సైన్యమే తేల్చాలి. పాత డయళ్లకి చీకట్లో మెరవడానికి రేడియం రంగు పూసీవోరు, బ్రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండీది. అవి చేత్తో ముట్టుకునేవి కావు. టీ-55 లాంటిదైతే 36 టన్నులు, 580 గుర్రాల డీజిల్ ఇంజను. ఏళ్లతరబడి బిగుసుకుపోయిన ఇంజన్ని బ్యాటరీ పెట్టి తిప్పితే విరిగి ఊరుకుంటాది. సిలిండర్లలో నూనె పోసి, రోజులు ఆగి, చేత్తో కొంచెం కొంచెం తిప్పాలి. ప్రొక్లెయిన్ కింద ఉండే చైను లాంటిదే దీని చైనూ. లింకులు కలిపే పిన్నులన్నీ తుప్పు పట్టి ఉంటాయి, ఒక్కోటీ కొట్టి తియ్యాలి. కింద అడ్డంగా ఉండే ఇనప కడ్డీలే మెలితిరిగి స్ప్రింగుల పని చేస్తాయి. అందులో ఒకటి విరిగినా బండి ఓ పక్కకి కుంగుతాది. ఇదంతా చెయ్యగల చేతులు మన తెలుగోళ్లకి లేవా? సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో చైన్ల మీద నడిచే బీఎంపీ-2 బళ్లు 1980ల నుంచీ తయారవుతున్నాయి. అరకు ఐటీఐ పిల్లల్ని అక్కడ ఆర్నెల్లు కూర్చోబెడితే చాలు.

పని తెలిసినోళ్లు దొరుకుతారు. ఏది చెరపాలి, ఏది ఉంచాలి అన్నదే అసలు తగువు. ఇంగ్లండులో బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం ఉంది. 1943లో ట్యునీషియాలో పట్టుకున్న జర్మన్ టైగర్ 131ని వాళ్లు ఏళ్లపాటు కష్టపడి మళ్లీ నడిపించేరు. గుండు తగిలిన గాట్లు మాత్రం అలగే ఉంచేరు. ఆ గాటు చూస్తేనే కదా దానికేమయిందో తెలిసేది.

మన కొండలకి యుద్ధ ట్యాంకులు రాలేదు. వొచ్చినవి మందుపాతర్లని తట్టుకునే బళ్లు. చైన్లుండవు, చక్రాలే. అవి కూడా ఎద్దుమైలారంలో చేసినవే. తట్టుకుంటాయన్నారు గానీ, 2008 జులైలో పక్కనున్న మల్కన్‌గిరిలో అలాంటి బండినే పేల్చేస్తే అందులో పోలీసులు చనిపోయేరు. వాళ్లూ ఎవరో ఒకరి పిల్లలే. 2018 సెప్టెంబరులో లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ కాల్చేసేరు. ఇంకోపక్క వాకపల్లి ఉంది. కూంబింగుకొచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేసేరని 2007లో 11 మంది కోందు ఆడవాళ్లు చెప్పేరు. 2023లో కోర్టు నిందితుల్ని వొదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదనీ, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వాలనీ కూడా అంది. అలాంటి బండినొకదాన్ని శుభ్రంగా కడిగి, రంగేసి, అరకు జంక్షన్లో నిలబెడితే పైన బోర్డు మీద ఏం రాస్తారు? ‘వీరులకు వందనం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మిగతావోళ్లంతా ఏమయిపోవాలి?

ఇది గాలిలో ప్రశ్న కాదు. చింతపల్లి పోలీస్‌స్టేషన్ని బాగుచేస్తామని 2022లో అల్లూరి 125వ జయంతికి కేంద్రం చెప్పింది. 1922 ఆగస్టు 22న సీతారామరాజు మనుషులు తుపాకులు పట్టుకుపోయిన స్టేషనది. గాం గంటందొర, మల్లుదొర లాంటోళ్లు లేకుండా ఆ పోరాటం లేదు. మన బొమ్మల్లో మాత్రం వాళ్లెప్పుడూ వెనక వరసే. తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియానికి 2021లో శంకుస్థాపన చేసేరు, 35 కోట్లన్నారు. గోడలు ఎవరైనా కడతారు. లోపల ఏ తుపాకీ పక్కన ఏ మాట రాయాలో తేల్చేవోళ్లలో బగత, కోందు, కొండదొర మనుషులు ఎంతమందున్నారు? గిరిజన సంక్షేమ శాఖ ముందు ఆ పేర్లు బైటపెట్టాలి. బోర్డులు కువిలో, ఆదివాసీ ఒడియాలో కూడా రాస్తారో లేదో అదీ ఇప్పుడే చెప్పాలి.