పదవి పోయింది, బడి నిలిచింది

ఇంగ్లండులో, హాంప్‌షైర్ సీమలో వికం అనే ఊరు ఉన్నది. 1324 ప్రాంతమున అక్కడ ఒక సామాన్య కుటుంబములో విలియం పుట్టాడు. మన ఇంటిపేర్లు ఎన్నో ఊళ్ళ పేర్లే అయినట్లు, అతనికీ ఊరిపేరే నిలిచి విలియం ఆఫ్ వికం అయినాడు. విశ్వవిద్యాలయములో చదివినవాడు కాడు. అయినా పని తెలిసినవాడు. 1356లో మూడవ ఎడ్వర్డు రాజు విండ్సర్ కోట కట్టడాల పెత్తనం అతనికి అప్పగించాడు.

ఆ కాలమున కొలువులో వ్రాతకోతలు తెలిసినవారు చాలావరకు చర్చివారే. రాజు వారికి జీతమునకు బదులు చర్చి పదవులిప్పించి, ఆ రాబడితో పోషించేవాడు. విలియం కూడా అనేక చర్చిల ఆదాయం ఒక్కడే అనుభవించాడు. ఇది మచ్చ కాదని మేము అనము. 1367 నాటికి అతడు సంపన్నమైన వించెస్టర్ పీఠానికి బిషప్పు, రాజ్యానికి ఛాన్సలరు కూడా. అతని మాట లేనిదే ఏ పనీ సాగదని ఆనాటి చరిత్రకారుడు ఫ్రాయిసార్ వ్రాశాడు.

కాని ఫ్రాన్సుతో యుద్ధం ఎదురు తిరిగింది. రాచపదవుల్లో చర్చివారేమిటని పార్లమెంటు అడిగింది. 1371లో ఛాన్సలరు పదవి పోయింది. 1376లో రాజకుమారుడు జాన్ ఆఫ్ గాంట్ పక్షమువారు నేరాలు మోపారు. రుజువైనదల్లా ఒక్కటే: ఒకరి 80 పౌనుల జరిమానాను 40కి తగ్గించాడట! పీఠం ఆస్తులు జప్తు చేశారు. రాజసభకు 20 మైళ్ళ లోపుకు రాకూడదన్నారు. మరుసటి సంవత్సరం ఆస్తులు తిరిగి ఇచ్చారు.

దెబ్బ తిన్న మనిషి ఏమి చేశాడో చూడండి. 1379లో ఆక్స్‌ఫర్డులో న్యూ కాలేజి, 1382లో వించెస్టరులో బడి స్థాపించాడు. రెండుచోట్లా డెబ్బైమంది చొప్పున విద్యార్థులకు ఏర్పాటు. బడిలో లాటిను వ్యాకరణం గట్టిపడిన పిల్లవాడు కాలేజీకి వెళ్ళాలి. 1348-49 నాటి మహమ్మారిలో చర్చివారెందరో పోగా, చదువుకొన్నవారి కొరత ఏర్పడింది. ఆ లోటు తీర్చుట అతని ఉద్దేశం. తనకు దక్కని విశ్వవిద్యాలయపు చదువు ఇతరుల పిల్లలకు దక్కింది.

1389లో మళ్ళీ ఛాన్సలరయి, రెండేళ్ళకు దిగిపోయాడు. 1404లో కన్నుమూశాడు. ఆ బడి, ఆ కాలేజి నేటికీ నడుస్తున్నవి.

సోదర సోదరీమణులారా! మన సంఘాలలోనూ పదవులు వస్తవి, పోతవి. తాతగారు ఎన్నేళ్ళు అధ్యక్షులుగా ఉన్నారని మనుమలు అడుగరు. మేము చదివిన బడి ఎవరు కట్టించారని తప్పక అడుగుతారు.