మోటారు ఆగితే దిక్కెవరు?

మన దిగపహండికి సముద్రం లేదు. అయినా గోపాలపురం ఒడ్డున తెలుగు మాట్లాడే నోలియాలు మనవాళ్లే. ఒకప్పుడు వారి తెప్పలు తెరచాపతో నడిచేవి. ఇప్పుడు పడవలకు మోటారే ఆధారం. అది నడిసముద్రంలో ఆగితే?

పడవలో చిన్న తెరచాప కూడా ఉండాలంటాం. తాడు లాగగానే చాపను ముందు తీగ చుట్టూ చుట్టేసే ఫర్లర్ ఉంటే, అలల్లో ఎవరూ పడవ ముందు కొసకు పాకక్కర్లేదు. అయితే పరికరం కొనిస్తే చాలదు, బిగించడం నేర్పాలి. చాపను పైకెత్తే తాడు కొయ్య చివర తీగకు ఎడంగా, కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఆనుకుని ఉంటే తీగకే మెలికపడి చాప బిగుసుకుపోతుంది. అప్పుడు బలం కొద్దీ లాగితే తీగే తెగొచ్చు. లాగే ముందు తలెత్తి పైకి చూడాలి.

మన సంఘాలు సన్మానాల ఖర్చులో కొంత ఈ శిక్షణకు పెడితే బాగుంటుంది. ఏమంటారు?