39కి, 40కి మధ్య సి.ఎ. అభ్యర్థి భవితవ్యం

ఒక గ్రూపులోని మూడు పేపర్లలో 70, 40, 40 చొప్పున మార్కులు సాధించిన అభ్యర్థి చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలో ఉత్తీర్ణులవుతారు. అదే గ్రూపులో 72, 59, 39 మార్కులు సాధించిన మరొక అభ్యర్థి మొత్తం మీద 20 మార్కులు అధికంగా పొందినప్పటికీ అనుత్తీర్ణులుగానే మిగిలిపోతారు. సి.ఎ. ఫలితాలు వెలువడిన ప్రతిసారీ అనేక ఇళ్లలో తలెత్తే ‘ఇన్ని మార్కులు వచ్చినా ఎందుకు తప్పినట్టు?’ అనే ప్రశ్నకు మూలం ఇక్కడే ఉన్నది.

1949 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ (ఐ.సి.ఎ.ఐ.) నిబంధనల మేరకు అభ్యర్థి ప్రతి పేపరులో కనీసం 40 శాతం, గ్రూపు మొత్తం మీద కనీసం 50 శాతం మార్కులు పొందవలసి ఉంటుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా గ్రూపు తప్పినట్లే. 2024 మే నుంచి అమలులోకి వచ్చిన నూతన విధానంలో ఇంటర్మీడియట్, ఫైనల్ దశల్లో గ్రూపుకు నాలుగు పేపర్ల స్థానంలో మూడే ఉన్నాయి. భారం తగ్గినట్లు పైకి కనిపించినా, ఒక పేపరులో వచ్చిన లోటును పూడ్చుకునేందుకు మిగిలినవి రెండే. రెండు గ్రూపులూ ఒకేసారి రాసినవారికి మాత్రం కొంత వెసులుబాటు ఉన్నది. ప్రతి పేపరులో 40 దాటి, ఆరు పేపర్లలో కలిపి 300 మార్కులు వస్తే, ఒక గ్రూపులో 135 మాత్రమే వచ్చినా రెండో గ్రూపులోని 165 దానిని ఆదుకుంటుంది.

సాధారణంగా పేపరులో 30 మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలకు, 70 మార్కులు వివరణాత్మక సమాధానాలకు కేటాయించారు. ఈ దశల్లో తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. ప్రవేశ దశ అయిన ఫౌండేషన్‌లోని ఆబ్జెక్టివ్ పేపర్లలో మాత్రం ప్రతి తప్పుకు పావు మార్కు కోత విధిస్తారు.

ఈ లెక్కలన్నింటిలోకీ సామాన్య అభ్యర్థికి ఎక్కువగా ఉపయోగపడేది, తక్కువగా అర్థమయ్యేది మినహాయింపు నిబంధన. గ్రూపు తప్పినా ఏదైనా పేపరులో 60 లేదా అంతకు మించి మార్కులు వచ్చినట్లయితే, తదుపరి మూడు పరీక్షల వరకు ఆ పేపరు మళ్లీ రాయనక్కరలేదు. ఉదాహరణకు 64, 45, 38 వచ్చిన అభ్యర్థికి 64 నిలిచి ఉంటుంది. మిగిలిన రెండింటిలో తలా 40 తగ్గకుండా మొత్తం 86 తెచ్చుకుంటే చాలును.

అయితే ‘మూడు పరీక్షలు’ అంటే అభ్యర్థి హాజరైన మూడు పరీక్షలు కావు, వరుసగా జరిగే మూడు పరీక్షలు. ఇంటర్మీడియట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరిగిన రోజుల్లో ఈ గడువు దాదాపు ఏడాదిన్నర. 2024లో దానిని మూడుసార్లకు పెంచిన తర్వాత అదే గడువు ఏడాదికి కుదించుకుపోయింది. అవకాశాలు పెరిగాయన్న సంతోషంలో ఈ సంగతి అంతగా చర్చకు రాకపోవడం గమనార్హం.

అండమాన్ నికోబార్ దీవుల అభ్యర్థులకు ఈ కుదింపు ప్రత్యేకించి ఇబ్బందికరమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అనేకం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు చెన్నై, విశాఖ, కలకత్తా మూడూ వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరమే. సంస్థ ప్రాంతీయ విభజనలో ఈ దీవులు కలకత్తా కేంద్రంగా గల తూర్పు మండలికి చెందగా, తెలుగు రాష్ట్రాలు చెన్నై కేంద్రంగా గల దక్షిణ మండలి కిందకు వస్తాయి. పెద్ద ఆడిట్ సంస్థలు, శిక్షణ కేంద్రాలు ప్రధాన భూభాగ నగరాల్లోనే కేంద్రీకృతమైనందున, వాటికోసం సముద్రం దాటవలసిన విద్యార్థి ఒక పరీక్షను వదులుకుంటే మినహాయింపులో మూడోవంతు కరిగిపోతుంది. హైదరాబాద్‌లో ఉండే విద్యార్థికి ఈ లెక్క వేసుకోవలసిన అవసరం అంతగా రాదు.

ఉత్తీర్ణతకు ఎన్ని మార్కులు కావాలన్నది బహిరంగమే. ఆ మార్కులు ఎలా ఖరారవుతాయన్నదే వివాదాస్పదం. 1988 నాటి నిబంధనల్లోని 39(2) ప్రకారం అభ్యర్థులందరి మార్కులనూ, లేదా ఒక వర్గం మార్కులనూ సవరించే విచక్షణాధికారం సంస్థ పాలక మండలికి ఉన్నది. 2007 నవంబరు ఫైనల్ పరీక్షలో తప్పిన ఒక అభ్యర్థి ఈ అధికారాన్ని ఎన్నిసార్లు వినియోగించారో తెలపాలని సమాచార హక్కు చట్టం కింద కోరగా, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ సమాచారం రికార్డుల్లో సిద్ధంగా లేనప్పుడు దానిని కూర్చి ఇవ్వనవసరం లేదని, పరీక్షకులకిచ్చిన సూచనలు గోప్యమని 2011 సెప్టెంబరు 2న న్యాయస్థానం తీర్పు చెప్పింది. సవరణ ప్రమాణాలను సంస్థ స్వచ్ఛందంగా ప్రకటించడం పారదర్శకతకు మంచిదని కూడా అదే తీర్పులో అభిప్రాయపడింది.

ఫలితాల్లోని ఒడిదుడుకులు ఈ ప్రశ్నను సజీవంగా ఉంచుతున్నాయి. 2024 మే ఫైనల్‌లో రెండు గ్రూపులూ కలిపి రాసినవారిలో 19.88 శాతం ఉత్తీర్ణులు కాగా, అదే ఏడాది నవంబరులో 13.44 శాతమే గట్టెక్కారు. ఆ నవంబరులోనే హైదరాబాద్, తిరుపతి అభ్యర్థులిద్దరు 600కు 508 మార్కులతో ప్రథమ స్థానాన్ని పంచుకున్నారు. ప్రశ్నపత్రం కఠినమైనదా, అభ్యర్థుల సన్నద్ధత తగ్గిందా, మూల్యాంకనం బిగిసిందా అన్నది కేవలం ఈ శాతాలను బట్టి తేల్చలేము.

అమెరికా సి.పి.ఎ. పరీక్ష మరొక మార్గం అనుసరిస్తున్నది. 2020 నుంచి హైదరాబాద్‌తో సహా భారతీయ నగరాల్లో రాసేందుకు వీలు కలిగిన ఆ పరీక్షలో 0 నుంచి 99 వరకు గల కొలమానంపై 75 వస్తే ఉత్తీర్ణత. అది 75 శాతం కాదు. ప్రశ్నల కాఠిన్యాన్ని లెక్కలోకి తీసుకుని స్కోరు నిర్ణయిస్తారు కనుక, ప్రశ్నపత్రం కఠినంగా వచ్చినంత మాత్రాన అభ్యర్థి నష్టపోరు. అయితే తనకు వచ్చిన 74 ఏ లెక్క ప్రకారం 74 అయిందో అక్కడి అభ్యర్థి కాగితం మీద కూడి చూసుకోలేరు. మన 39ని కనీసం కూడి చూసుకోవచ్చును.

ఆ కూడికలోనైనా పొరపాటు జరిగిందని భావించే అభ్యర్థి ఫలితం వెలువడిన నెలరోజుల్లోగా రుసుము చెల్లించి తనిఖీ కోరవచ్చు. జవాబులన్నీ దిద్దారా, మొత్తం సరిగా వేశారా అన్నంతవరకే అది పరిమితం. జవాబుపత్రం నకలు కూడా పొందవచ్చు. పరీక్షకుడు వేసిన మార్కు సబబేనా అన్న ప్రశ్న తనిఖీలో రాదు. పునర్మూల్యాంకనం కోరుతూ 2019 సెప్టెంబరులో ఢిల్లీలోని సంస్థ కార్యాలయం ఎదుట విద్యార్థులు జరిపిన ఆందోళన ఈ అంశంపైనే.