వానల్లో పరుగు సాధన: ఊరు పట్టించుకోవలసిన విషయం

శ్రీకాకుళం జిల్లాలో తొలకరి పడగానే రైతులు దుక్కులకు బయల్దేరుతారు. అంతకు ముందే, ఇంకా తెలవారకుండానే రోడ్డెక్కే వారు మరికొందరున్నారు. వారు పరుగు సాధన చేసే యువకులు. ఒకరికి సైన్యం మీద ఆశ, మరొకరికి పోలీసు కొలువు మీద ఆశ. రెండింటికీ దాటక తప్పని గడప పరుగు పందెమే.

2022 నవంబరులో వెలువడిన పోలీసు కానిస్టేబుళ్ల ప్రకటన ప్రకారం 1600 మీటర్ల దూరాన్ని పురుషులు 8 నిమిషాల్లో, స్త్రీలు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. సైన్యంలో అగ్నివీరుల ఎంపికకైతే ఇంచుమించు అదే దూరాన్ని ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తిన వారికే పూర్తి మార్కులు. ఈ అర నిమిషాలు, పావు నిమిషాల మీదే ఎన్నో కుటుంబాల బతుకు తెరువు ఆధారపడి ఉంది. కనుక కుర్రవాళ్లు ముసురులో తడుస్తూ పరుగెత్తుతుంటే వేళాకోళం చేయడం తగదు.

పరీక్షల జాప్యమూ ఇందుకు ఒక కారణమే. పై ప్రకటనకు ప్రాథమిక రాత పరీక్ష 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30న గాని మొదలు కాలేదు. ఈ మధ్యలో రెండు వర్షాకాలాలు గడిచిపోయాయి. పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియని అభ్యర్థి వాన కురుస్తోందని ఇంట్లో కూర్చోగలడా? దేహదారుఢ్య పరీక్షల తేదీలను కనీసం మూడు నెలల ముందు ఖాయం చేసి ప్రకటిస్తే సగం ఆరాటం తగ్గుతుంది. ప్రభుత్వం ఈ విషయమై ఆలోచించాలి.

వానే శత్రువు కాదు

వానలో పరుగెత్తితే జ్వరం తప్పదని పెద్దలు భయపడతారు. ఇందులో కొంతే నిజం. 2018 ఏప్రిల్ 16న అమెరికాలోని బోస్టన్ మారథాన్ కుండపోత వానలో, ఎముకలు కొరికే చలిగాలిలో జరిగింది. పేరుమోసిన పరుగు వీరులు పలువురు మధ్యలోనే ఆగిపోగా, జపానుకు చెందిన యుకి కవౌచి 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో ముగించి గెలుపొందాడు. అప్పటికి అతడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల కార్యాలయంలో ఉద్యోగి. కొలువు చేసుకుంటూ తీరిక వేళల్లో సాధన చేసినవాడు. కనుక తడవడం వల్ల పరుగు చెడదు. పరుగు ముగిశాక తడి బట్టలతో గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటేనే ఒళ్లు చల్లబడి జబ్బు చేస్తుంది. వెంటనే ఒళ్లు తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోవాలి. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికల కాగితాలు కుక్కితే తేమను పీల్చుకుంటాయి. ఉభాల రోజుల్లో మడిలో దిగే వారికి కాలివేళ్ల సందులు పాచిపోయినట్టే తడి బూట్లు తొడిగే వారికీ పాచిపోతాయి. పాదాలను పొడిగా ఉంచుకోవడం ముఖ్యం.

అసలు ప్రమాదాలు వేరు. మొదటిది జాతీయ రహదారి. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా జిల్లా పొడవునా సాగే ఈ రోడ్డు నున్నగా ఉంటుందని చాలామంది దానినే ఎంచుకుంటున్నారు. చీకటి, వాన, ఎదుటి దీపాల వెలుగు కలిస్తే లారీ డ్రైవరు కంటికి మనిషి ఆనడు. తడి రోడ్డు మీద బ్రేకు వేసినా బండి వెంటనే నిలవదు. రహదారిని పూర్తిగా మానుకోవడమే మేలు. ఊరి రోడ్డు మీదనైనా తెల్లని బట్టలు వేసుకుని, బండ్లు ఎదురుగా కనిపించేలా కుడి పక్కన పరుగెత్తాలి.

రెండవది పిడుగు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత. అయితే పిడుగు రాకడను మాత్రం కొంతవరకు ముందే పసిగట్టవచ్చు. మెరుపు కనిపించినప్పటి నుంచి ఉరుము వినబడేదాకా లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరమని అంచనా. 30 సెకన్లలోపే ఉరిమితే పిడుగు దగ్గరలో ఉన్నట్టే. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. తాడిచెట్టు, కొబ్బరిచెట్టు కింద నిలబడరాదు. ఆఖరి ఉరుము వినబడ్డాక అర గంట దాకా బయటికి రారాదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా పిడుగు హెచ్చరికలు పంపుతోంది. వాటిని చూసి బయల్దేరడం అలవాటు చేసుకోవాలి.

మూడవది చెరువు గట్టు. జారుడు ఒక చేటు, పుట్టల్లో నీరు చేరి బయటపడే పాములు మరొక చేటు. కాటు పడితే నాటు వైద్యాలతో కాలయాపన చేయక 108ని పిలిచి ఆసుపత్రికి చేర్చాలి.

నాలుగవది పైకి కనిపించనిది. వానాకాలం కదా అని కుర్రవాళ్లు నీళ్లు తాగడం మానేస్తున్నారు. గాలిలో తేమ ఉన్నప్పుడు చెమట ఆరదు గాని, కారడం ఆగదు. పైగా పిక్కలు పట్టేశాయని మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొని మింగి మళ్లీ పరుగెత్తే వారున్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఉద్దానం బాధలు ఎరిగిన జిల్లాకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

ఊరు చేయవలసినది

సాధన మానుకోమని చెప్పడం తేలిక, చోటు చూపడమే కష్టం. ఊరికొక స్టేడియం ఎవరూ అడగడం లేదు. మెరక నేలలో 200 మీటర్ల చుట్టు బాట ఒకటి చాలు. ఎనిమిది చుట్లు తిరిగితే 1600 మీటర్లు పూర్తవుతుంది. ఎర్రమట్టి, గ్రావెల్ పోసి గట్టిగా దిమ్మిస కొట్టి, నీరు నిలవకుండా పక్కకు వాలు పెట్టి, చిన్న కాలువ తీస్తే ముసురులోనూ పనికి వస్తుంది. రెండు వీధి దీపాలు అటు తిప్పితే తెల్లవారుజామున ఆడపిల్లలు కూడా నిర్భయంగా రాగలుగుతారు. ఉన్నత పాఠశాల ఆవరణ ఉన్నచోట ఉదయం రెండు గంటలు గేటు తాళం తీస్తే ఈ ఖర్చు కూడా అక్కరలేదు. తీర గ్రామాల్లోని తుపాను షెల్టర్ల వరండాలు కుండపోత రోజుల్లో గుంజీలకు, తాడాటకు చక్కగా సరిపోతాయి.

యువకులూ ఒకటి గ్రహించాలి. 1600 మీటర్లకు 8 నిమిషాలంటే 400 మీటర్లకు 2 నిమిషాలు. నిత్యం గొడ్డులా పరుగెత్తితేనే వచ్చే వేగం కాదిది. వారంలో మూడు నాలుగు రోజుల క్రమమైన సాధనతో సాధ్యపడుతుంది. ఉరుముల రోజున ఒకటి రెండు పూటలు మానినంత మాత్రాన చేసిన శ్రమ వృథా పోదు.

ఈ జిల్లాలో వానలు ఆషాఢ శ్రావణాలతో ఆగవు. 2018లో తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది అక్టోబరు 11న. అంటే ఏడాదిలో దాదాపు సగం ఈ సమస్య ఉంటుంది. పంచాయతీలు, పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, మండల అధికారులు ఒకచోట కూర్చుని ఊరికొక బాట ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది. కొలువు కోసం పరుగెత్తే బిడ్డ క్షేమంగా ఇంటికి తిరిగి రావడం అన్నిటికంటే ముఖ్యం.