ఓడైనా విమానమైనా ఎక్కే ముందు: ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎంతకు చేయించాలి?



1864లో జాన్ క్లౌ దొరగారు బోస్టన్‌లో ఓడెక్కి, నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి, 1865లో మద్రాసులో దిగారు. ఆ తరువాత ఒంగోలు వచ్చారు. ఆ రోజుల్లో అక్కడివారు మన దగ్గరికి వచ్చారు. ఇప్పుడు మనమే అటు వెళుతున్నాము. పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి, మార్కాపురం నుంచి తల్లిదండ్రులు కూతురి కాన్పుకని, మనవడి పుట్టినరోజుకని న్యూజెర్సీ, డల్లాస్ వెళ్లి వస్తున్నారు. కొందరు పరిశుద్ధ దేశ యాత్రకు వెళుతున్నారు. ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను పెద్ద ఓడలో విహారానికి కూడా తీసుకుపోతున్నారు. 2022 జూన్‌లో విశాఖపట్నం రేవు నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ నడిచినప్పటి నుంచి మన వాళ్లకు ఆ ముచ్చట కూడా తెలిసింది.

ప్రయాణానికి ముందు ఇలాంటి వారు మన ఓ.పి.కి వస్తారు. బీపీ చూపించుకుంటారు, మాత్రలు రాయించుకుంటారు. పోతూ పోతూ, “సిస్టరమ్మా, ఇన్సూరెన్స్ ఎంతకు చేయించమంటారు? యాభై వేల డాలర్లదా, లక్షదా?” అని అడుగుతారు. మేము ఇన్సూరెన్స్ వాళ్లం కాము. కాని జబ్బు చేస్తే ఏమేమి ఖర్చవుతుందో, ఏ రోగి ఎన్ని రోజులు మంచం మీద ఉంటాడో మాకు తెలుసు. అందుకే మా అభిప్రాయం రాస్తున్నాము.

ముందు ఒక సంగతి

మన దగ్గర 12 ఏళ్లుగా షుగరుకు మందులు వాడుతున్న ఒక అమ్మ కొన్నేళ్ల క్రితం కూతురి కాన్పుకు అమెరికా వెళ్లింది. పేరు, ఊరు రాయము. పాలసీ ఫారం నింపిన ఆయన “షుగరు అని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయొద్దులేమ్మా” అన్నాడట. రాయలేదు. యాభై వేల డాలర్ల పాలసీ తీసుకున్నారు. నాలుగో నెలలో కాలికి చిన్న పుండు పడింది. కూతురు బాలింతరాలు, ఆమెను ఇబ్బంది పెట్టడమెందుకని చెప్పలేదు. పుండు ముదిరి జ్వరం వచ్చాక ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిది రోజులు ఉంది. కాలు దక్కింది, ప్రభువుకు స్తోత్రం.

కాని అక్కడి డాక్టరు అడిగినప్పుడు ఆమె ఉన్నది ఉన్నట్టు 12 ఏళ్లుగా షుగరని చెప్పింది. డాక్టరుకు అట్లాగే చెప్పాలి. అది కేసు షీటులో ఎక్కింది. ఇన్సూరెన్స్ వాళ్లు ముందుగా అడిగింది ఆ కేసు షీటే. జబ్బు దాచారని క్లెయిం మొత్తం కొట్టేశారు. అల్లుడు బ్రతిమాలితే ఆసుపత్రివారు బిల్లు కొంత తగ్గించారు. మిగతాది వాయిదాల మీద కట్టారు. ఆ వాయిదాల కోసం ఇక్కడ మూడెకరాల పొలం అమ్మేశారు.

నిజం రాసి ఉంటే మొత్తం డబ్బు వచ్చేదని మేము అనలేము. అది పాలసీని బట్టి ఉంటుంది. కాని దాచినందువల్ల ఒక్క రూపాయి కూడా రాలేదు. ఇందులో మా తప్పు కూడా ఉంది. ప్రయాణానికి ముందు ఆమె మా దగ్గరికే వచ్చింది. షుగరు చూశాము, ఆరు నెలలకు మాత్రలు రాయించి ఇచ్చాము. “ఫారంలో షుగరు సంగతి రాశావా అమ్మా” అని ఒక్క మాట అడగలేదు. అది మన పని కాదనుకున్నాము. ఇప్పుడు అడుగుతున్నాము.

ఎంతకు చేయించాలి?

మా లెక్క సులువు. ఏ బిల్లు వస్తే ఇల్లు మునుగుతుందో ఆ బిల్లుకు సరిపడా చేయించండి. పోయినా తట్టుకోగలిగిన వాటికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

పెట్టె పోతే ఇల్లు మునగదు. విమానం ఆలస్యమైతే ఇల్లు మునగదు. కొందరు పెట్టెకు ఎంత ఇస్తారు, పాస్‌పోర్టు పోతే ఎంత ఇస్తారు అని గంటసేపు చూసి, వైద్య ఖర్చుకు అన్నిటికంటే తక్కువ మొత్తం తీసుకుంటారు. అది తలక్రిందుల లెక్క. ఇల్లు ముంచేవి మూడు: ఆసుపత్రి బిల్లు, రోగిని ఒక చోటి నుంచి ఇంకొక చోటికి తరలించే ఖర్చు, మరణిస్తే దేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు.

అమెరికాలో మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే సగటున 30,000 డాలర్ల దాకా అవుతుందని, విరిగిన కాలుకు 7,500 డాలర్ల వరకు కావచ్చునని అక్కడి ప్రభుత్వపు హెల్త్‌కేర్ డాట్ గవ్ చెబుతుంది. డాలరు 85 రూపాయలే అనుకున్నా ఆ మూడు రోజుల ఖర్చు 25 లక్షల 50 వేల రూపాయలు. గుండెపోటు వచ్చి ఐ.సి.యు.లో వారం ఉంటే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. 1986లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం డబ్బు లేదని ఎమర్జెన్సీ గదిలో వైద్యం ఆపరాదు. కాని ఆ తరువాత బిల్లు తప్పదు. మన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నది, దేశం దాటితే పనిచేయదు. ఆయుష్మాన్ భారత్ కూడా అంతే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. అమెరికాకు వెళ్లేవారు, షుగరు బీపీ లేనివారైనా సరే, లక్ష డాలర్లకు తగ్గవద్దు. అరవై దాటినవారు, షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారు రెండున్నర లక్షల డాలర్లది చూడండి. ఇజ్రాయేలు, ఈజిప్టు, జోర్దాను పది రోజుల యాత్రకైతే యాభై వేల డాలర్లకు తగ్గవద్దు.

కొన్ని దేశాలు తామే హద్దు పెట్టాయి. యూరపులో షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కెనడాలో ఉన్న బిడ్డల దగ్గరికి సూపర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులకు కనీసం లక్ష కెనడా డాలర్లది కావాలి. అమెరికా టూరిస్టు వీసాకు ఇన్సూరెన్స్ తప్పనిసరి అనరు. అనరు కనుక అక్కర్లేదని మన వాళ్లు అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే ఎక్కువ కావలసింది అక్కడికే.

పై అంకె చూసి మోసపోకండి

పాలసీ మీద ఐదు లక్షల డాలర్లని ఉంటుంది. లోపల చిన్న అక్షరాల్లో గదికి రోజుకింత, ఐ.సి.యు.కు రోజుకింత, ఆపరేషనుకు ఇంత అని హద్దులుంటాయి. వాటిని సబ్ లిమిట్లు అంటారు. పెద్ద వయసువారి పాలసీల్లో ఇవి ఎక్కువ. రోజుకు మూడు వేల డాలర్లయ్యే చోట వెయ్యే ఇస్తామంటే పైన ఐదు లక్షలని రాసి ఉండి లాభమేమి? సబ్ లిమిట్లున్న ఐదు లక్షల పాలసీ కంటే, లేని లక్ష పాలసీ చాలాసార్లు మేలు. అమెరికాలో పిల్లలు అక్కడి కంపెనీలో తీసుకునేటప్పుడు కూడా ఇదే చూడాలి. ఫిక్స్‌డ్ అనే రకంలో ఇలా లెక్క కట్టి ఇస్తారు. కాంప్రిహెన్సివ్ అనే రకంలో బిల్లులో ఎక్కువ భాగం వారే భరిస్తారు, ప్రీమియం కూడా ఎక్కువే.

తరువాత డిడక్టబుల్. అంటే ముందు మన జేబులో నుంచి పెట్టుకోవలసినది. వంద డాలర్లయితే, డాలరు 85 రూపాయల లెక్కన 8,500 రూపాయలు. అది ఫరవాలేదు, తట్టుకోవచ్చు. ప్రీమియం భారమైతే డిడక్టబుల్ కాస్త పెంచుకోండి గాని, వైద్య మొత్తం తగ్గించవద్దు.

ముఖ్యమైనది మూడోది. ముందే ఉన్న జబ్బులకు ఏమిస్తారు? చాలా పాలసీలు అసలే ఇవ్వవు. కొన్ని ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రమే, అదీ ఒక హద్దు వరకు ఇస్తాయి. ఆ ఒక్క పేరా ఎవరితోనైనా చదివించుకొని, అర్థమయ్యాకే సంతకం చేయండి. మన పడమటి ప్రకాశంలో షుగరు, బీపీతో పాటు కిడ్నీ జబ్బులు, ఫ్లోరైడు నీళ్లతో వచ్చిన కీళ్లు, ఎముకల నొప్పులు చాలామందికి ఉన్నాయి. అవన్నీ రాయవలసినవే.

ఓడలో వెళ్లేవారికి

విహార ఓడల్లో డాక్టరు, నర్సు, చిన్న ఆసుపత్రి గది ఉంటాయి. కాని అది టిక్కెట్టులో కలిసి ఉండదు. చూసినందుకు, సెలైను పెట్టినందుకు వేరే బిల్లు వేస్తారు. అక్కడ చేసేది ప్రథమ చికిత్స వంటిదే. గుండెపోటో, పక్షవాతమో వస్తే దగ్గరి రేవులో దింపాలి, లేదా హెలికాప్టరులో తీసుకుపోవాలి. మారుమూల చోటి నుంచి మంచి ఆసుపత్రికి రోగిని తరలించడానికి లక్ష డాలర్లకు పైగా అవ్వొచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. ప్రయాణికులను హెచ్చరిస్తుంది. అందుకని విదేశీ రేవులకు పోయే ఓడ ఎక్కేవారు ‘మెడికల్ ఎవాక్యుయేషన్’ అన్న చోట ఎంత ఉందో చూసుకోండి. అక్కడ లక్ష డాలర్లకు తగ్గితే చాలదని మా అభిప్రాయం. విశాఖ నుంచి చెన్నై వంటి మన దేశపు ప్రయాణానికి ఇంత అక్కర్లేదు. మీకున్న హెల్త్ పాలసీ రేవులో దిగాక మన ఆసుపత్రుల్లో పనికొస్తుంది, ఓడలో బిల్లుకు వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను ఆపేసిన సంగతి గుర్తుండే ఉంటుంది. అందులో 3,711 మంది ఉంటే 712 మందికి కరోనా సోకింది. నాలుగు రోజుల సరదాకు ఎక్కిన ఓడలో రెండు వారాలు ఉండవలసి రావచ్చు. మాత్రలు అవసరానికి మించి రెండు వారాలకు తీసుకుపోవాలని మేము చెప్పేది అందుకే.

ఓడ టిక్కెట్టు ముందే కడతారు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ రద్దు చేసుకుంటే తిరిగి వచ్చేది తగ్గిపోతుంది. రద్దు బీమా తీసుకుంటే, తిరిగి రాని మొత్తానికి మాత్రమే తీసుకోండి. రీఫండు వచ్చేదానికి కూడా ప్రీమియం కట్టడం దండగ.

పరిశుద్ధ దేశ యాత్రకు

యెరూషలేము యాత్రికులకు మన రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో సహాయాన్ని పెంచింది. ఏటా మూడు లక్షల లోపు ఆదాయమున్నవారికి 60,000, అంతకు మించినవారికి 30,000 రూపాయలని అప్పుడు ప్రకటించింది. ఆ సహాయం ప్రయాణానికి. అక్కడ ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు వేరు. టూరువాళ్లు “ఇన్సూరెన్స్ మేమే చేయిస్తాం” అంటే సంతోషించి ఊరుకోకండి. ఎంతకు, ఎన్నేళ్ల వయసు వరకు, షుగరు రాశారా అని అడిగి పాలసీ కాగితం చేతికి తీసుకోండి.

యుద్ధం వల్ల కలిగే నష్టం చాలా పాలసీల్లో ఉండదు. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలైనప్పుడు మేఘాలయ నుంచి వెళ్లిన 27 మంది యాత్రికులు బెత్లెహేములో చిక్కుకొని, చివరికి ఈజిప్టుకు దాటి బయటపడ్డారు. కాబట్టి బయలుదేరే ముందు మన ప్రభుత్వం ఇచ్చే హెచ్చరికలు చూసుకోండి.

“ప్రభువు చూసుకుంటాడులే” అనేవారికి

ఈ మాట మేము తరచుగా వింటాము. మేమూ ఆయన మీద ఆనుకొనే బ్రతుకుతున్నాము. కాని లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువే బోధించాడు. అదే సువార్తలోని మంచి సమరయుడు దెబ్బలు తిన్న మనిషిని సత్రంలో చేర్చి, చేతిలో ఉన్నది ఇచ్చి, ఆపైన అయ్యే ఖర్చుకు కూడా తానే పూచీపడ్డాడు. ముందుచూపు అవిశ్వాసం కాదు.

ఇంకొక మాట కూడా సూటిగా చెప్పాలి. “సిస్టరమ్మా, షుగరు లేదని ఒక సర్టిఫికెట్ ఇప్పించండి” అని అడిగేవారున్నారు. మాకు తెలిసినవారే, మందిరంలో పక్కన కూర్చునేవారే. ఇవ్వము. ప్రీమియంలో మిగిలే ఐదారు వేల కోసం పొలం పోగొట్టుకునే కాగితం మా చేతులతో రాయలేము. నిజం రాస్తే ప్రీమియం పెరగవచ్చు, ఒక కంపెనీ కాదనవచ్చు. ఇంకొక కంపెనీని అడగండి. ఎవరూ ఇవ్వకపోతే ఆ ప్రయాణం ఎన్నాళ్లు చేయాలో, అసలు చేయాలో వద్దో ఇంటిల్లిపాది కూర్చొని ఆలోచించండి. ఆరు నెలలకు బదులు రెండు నెలలు వెళ్లి రావచ్చు. బిడ్డలనే ఇక్కడికి రమ్మనవచ్చు.

దేహాన్ని ఇంటికి చేర్చే సంగతి మాట్లాడటానికి అందరూ భయపడతారు. అమెరికాలో మన తెలుగువారెవరైనా చనిపోతే తానా వారి టీమ్ స్క్వేర్ వంటి సేవకులు ఎంతో సాయపడుతున్నారు. కాని దుఃఖంలో ఉన్న కుటుంబం చందాల కోసం ఎదురు చూడకుండా ఉండాలంటే ఆ మొత్తం పాలసీలోనే ఉండాలి.

బయలుదేరే ముందు

నెల ముందే రండి. బీపీ, షుగరు, క్రియాటినిన్, ఈసీజీ చూసి జబ్బుల వివరమంతా ఇంగ్లీషులో ఒక కాగితం మీద డాక్టరుగారితో రాయించి ఇస్తాము. అదే కాగితం చూసి ఇన్సూరెన్స్ ఫారం నింపండి. ఖాళీ ఫారం మీద సంతకం చేయకండి. మాత్రలు, ఇన్సులిను చేతిసంచిలో పెట్టుకోండి, లగేజీలో వేయకండి. పాలసీ నంబరు, కంపెనీ ఇచ్చిన ఎమర్జెన్సీ ఫోను నంబరు మీ దగ్గర ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. ఆసుపత్రిలో చేరగానే ఆ నంబరుకు చెప్పాలి. కాలికి చిన్న పుండైనా, ఛాతీలో కాస్త బరువైనా పిల్లలకు చెప్పండి, దాచవద్దు.

అన్నీ నిజంగా రాసినా మన దేశపు కంపెనీ క్లెయిం ఇవ్వకపోతే, ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. కాని ఆయన దగ్గర కూడా నిజం రాసినవారికే బలం.

మీ ప్రయాణములలో ప్రభువు తోడై యుండి, క్షేమముగా ఇల్లు చేర్చును గాక. తిరిగి వచ్చాక ఒకసారి ఓ.పి.కి వచ్చి షుగరు చూపించుకొని, అక్కడి విశేషాలు మాకూ చెప్పి వెళ్లండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరఫున