డెలివరీ భోజనం... బిల్లులో పడని ఖర్చెంత?

పోయిన వానాకాలంలో ఓ రాత్రి తొమ్మిదిన్నరకు మా ఆసుపత్రి క్యాజువాలిటీకి ఓ రిటైర్డ్ మాస్టారిని ఆటోలో తీసుకొచ్చారు. వయసు 66. ఒళ్లంతా చెమటలు. మాట తడబడుతోంది. పిలిస్తే సరిగా పలకడం లేదు. పక్షవాతమేమోనని పక్కింటివాళ్లు హడలిపోతున్నారు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే గ్లూకోజ్ 44. అది 70 కంటే తగ్గితేనే జాగ్రత్త పడాలి. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాక కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, 'ఏమైందండీ నాకు?' అని అడిగారు.

ఏమైందో ఆయన ఫోన్ చూస్తే తెలిసింది. భార్య పోయాక మాస్టారు ఒంటరిగా ఉంటున్నారు. కొడుకు డాలస్‌లో ఉద్యోగం. అక్కడ పొద్దున ఆఫీసుకు వెళ్లగానే, ఇక్కడ తండ్రికి రాత్రి భోజనం ఆర్డర్ పెడతాడు. ఆ రోజు యాప్‌లో 'ఇంకో 25 నిమిషాలు' అని కనిపించగానే మాస్టారు అలవాటు ప్రకారం షుగర్ మాత్ర వేసుకున్నారు. బయట జోరు వాన. గంటన్నర గడిచినా భోజనం రాలేదు. చివరికి ఆర్డర్ రద్దయింది. మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

ఆ కొడుకును తప్పుపట్టలేం. ఏడు సముద్రాల అవతల ఉండి తండ్రికి వేళకు అన్నం అందాలనే కదా అతని తాపత్రయం. వానలో తడుస్తూ తిరిగిన డెలివరీ కుర్రాడినీ అనలేం. కానీ యాప్ చూపించే నిమిషాలను మన ఒంటి గడియారానికి ముడిపెడితే ఏమవుతుందో ఆ రాత్రి చూశాను. ఈ సేవలకు మనం నిజంగా ఎంత చెల్లిస్తున్నామో ఓసారి లెక్క వేసుకోవాలనిపించింది.

ముందు రూపాయల లెక్క

బయటి తిండి మనకు కొత్తేమీ కాదు. అన్నం ఇంట్లో వండుకుని, కూర, సాంబారు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి. బ్రహ్మచారులకు నెలవారీ క్యారేజీలూ తెలిసినవే. మా ఇంట్లోనూ ఇద్దరం ఉద్యోగస్తులమే. డ్యూటీ ఆలస్యమైన రోజు నేనూ యాప్ తెరుస్తాను. అందుకే మా ఇంటి బిల్లుతోనే మొదలుపెడతాను.

ఓ ఆదివారం తెప్పించిన చికెన్ బిర్యానీ యాప్‌లో 330 రూపాయలు. ప్యాకింగ్ 20. ఈ రెండింటిపై 5 శాతం జీఎస్టీ 17.50. డెలివరీ 35, దానిపై 18 శాతం జీఎస్టీ 6.30. ప్లాట్‌ఫామ్ ఫీజు పన్నుతో కలిపి 15. మొత్తం దాదాపు 424 రూపాయలు. అదే హోటల్లో కూర్చుని తింటే బిర్యానీ ధర 280, పన్నుతో 294. తేడా 130 రూపాయలు. వారానికి మూడుసార్లు ఇలా తెప్పిస్తే నెలకు 1,500 దాటుతుంది. బీపీ, షుగర్ ఉన్న చాలామందికి నెల మందుల ఖర్చు అంత కూడా ఉండదు.

ఈ అదనపు భారం ఒక్కసారిగా రాలేదు. ప్లాట్‌ఫామ్ ఫీజు 2023లో ఆర్డర్‌కు 2 రూపాయలతో మొదలైంది. 2025 నాటికి పది రూపాయలు దాటింది. యాప్‌ల డెలివరీ రుసుముపై 18 శాతం పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి కచ్చితమైంది. ఒక్కో ఆర్డర్‌లో చూస్తే ఇవి చిన్న అంకెలే. అందుకే ఎవరూ పట్టించుకోరు. మీ ఫోన్‌లో పాత ఆర్డర్ల జాబితా తెరిచి, పోయిన నెలవి కూడి చూడండి. చాలా ఇళ్లలో ఆ మొత్తం కరెంటు బిల్లును దాటేస్తుంది.

ఇక ఒంటి లెక్క

పై ఖర్చు కనీసం బిల్లులో కనిపిస్తుంది. వైద్యుడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది బిల్లులో పడని ఖర్చు.

నా ఓపీకి వచ్చే 44 ఏళ్ల ఓ గుమాస్తాకు రెండు రకాల మాత్రలు వాడుతున్నా బీపీ దిగేది కాదు. 'ఉప్పు తగ్గించారా?' అంటే, 'ఇంట్లో చప్పిడే తింటున్నాం డాక్టరు గారూ' అనేవారు. అబద్ధం కాదు, ఇంట్లో నిజంగానే చప్పిడి. ఓసారి ఆయన ఫోన్‌లో ఆర్డర్ల జాబితా చూపించమన్నాను. ఆ నెలలో 17 ఆర్డర్లు. ఫ్రైడ్ రైస్, మంచూరియా, బిర్యానీ, పరోటా. అందులో పదకొండు రాత్రి పది దాటాక పెట్టినవి. ఆ రోజు నేను మందు మార్చలేదు. ముందు ఆ పదిహేడును నాలుగుకు తగ్గించమన్నాను. రెండు నెలల్లో బీపీ దారికొచ్చింది. అప్పటి నుంచి రక్త పరీక్షల కాగితాలతో పాటు ఆర్డర్ల జాబితా చూడటం కూడా నాకు అలవాటైంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. దేశంలోని మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అందులో అంచనా వేశారు. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదు, అంటే ఒక చిన్న చెంచా. 2,000 కేలరీల రోజువారీ భోజనంలో నూనె 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. ఇప్పుడు డెలివరీ డబ్బా తెరిచి చూడండి. కూరగాయల వాటా ఎంత? నూనె ఎంత? ఇంట్లో చెంచా మన చేతిలో ఉంటుంది. హోటల్లో గరిటె ఎవరి చేతిలో ఉందో మనకు తెలియదు.

పది అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపాలని 2022 జులై నుంచి నిబంధన ఉంది. యాప్‌లలోనూ చూపాలి. కానీ వీధి చివరి హోటల్‌కు అది వర్తించదు. కేలరీలు తెలిసినా ఉప్పు సంగతి తెలియదు.

దీనికి తోడు రాత్రి పూట ఆలస్యం. పదిన్నరకు బిర్యానీ తిని పదకొండుకు పడుకుంటే గొంతులోకి పులితేన్పులు, తెల్లవారితే షుగర్ ఎక్కువ. 'రాత్రి మాత్ర వేసుకున్నా పొద్దున షుగర్ ఎందుకు తగ్గడం లేదు?' అని అడిగేవారిలో కొందరికి జవాబు భోజనం వేళలోనే ఉంటుంది. తినడానికీ పడుకోవడానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

ఇది ఒకరిద్దరి ఇళ్ల కథ కాదు. కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ సర్వే ప్రకారం 2023-24లో పట్టణాల్లో నెల ఖర్చులో 11.09 శాతం పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారానికే పోయింది. తిండి ఖర్చులో అన్నింటికంటే పెద్ద పద్దు ఇదే. పాలు, కూరగాయలు దాని తర్వాతే.

సరకుల సంగతి వేరు

వండిన భోజనాన్నీ, కిరాణా సరకులనూ ఒకే గాటన కట్టకూడదు. ఆకుకూర, టమాటా, పెరుగు ఇంటికే వస్తే ఆ పూట వంట జరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, పసిబిడ్డ తల్లికి, ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నవారికి ఇది నిజంగా మేలు. ఆఫీసు నుంచి వచ్చి మళ్లీ సంచీ పట్టుకుని బజారుకు పరుగెత్తే ఇల్లాలికి ఓ గంట విశ్రాంతి దొరుకుతుంది. దాన్ని నేను ఖర్చు అనను.

చిక్కు వచ్చేది 'ఇంకో 60 రూపాయలకు కొంటే డెలివరీ ఉచితం' అన్న చోట. ఆ అరవై రూపాయలకు మనం కందిపప్పు వేయం. చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింక్ వేస్తాం. డెలివరీ ఖర్చు మిగిలిందనుకుంటాం, అది పిల్లల పొట్టలోకి చేరుతుంది. పూర్వం రాత్రి పదకొండుకు ఐస్‌క్రీమ్ తినాలనిపిస్తే దుకాణం మూసి ఉండేది. ఆ మూసిన తలుపే సగం పథ్యం. ఇప్పుడు ఆ తలుపు లేదు.

సరకులు వచ్చినప్పుడు రెండు చూడండి. ఒకటి గడువు తేదీ. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారానికి ఇంటికి చేరేనాటికి మొత్తం గడువులో కనీసం 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండాలని ఆహార భద్రత సంస్థ 2024 నవంబరులో ఆదేశించింది. తేదీ దగ్గరపడిన ప్యాకెట్ వస్తే మొహమాటపడకుండా వెనక్కి ఇవ్వండి. రెండోది సోడియం. ప్యాకెట్ మీదున్న సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు.

డబ్బా తెరిచాక...

వండిన ఆహారం గది వాతావరణంలో రెండు గంటలకు మించి ఉండకూడదు. ఆ రెండు గంటల్లో హోటల్ బల్ల మీద, దారిలో గడిచిన సమయం కూడా కలుస్తుంది. మధ్యాహ్నం బిర్యానీ సగం మిగిల్చి, వంటింటి గట్టు మీద పెట్టి, రాత్రి తిని వాంతులతో వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు. అన్నంలో పెరిగే కొన్ని సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగిలేలా ఉందనిపిస్తే తినకముందే సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టండి.

పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించిన సంగతి గుర్తుండే ఉంటుంది. పిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు అలాంటివి పెట్టకపోవడమే మంచిది. సాంబారు, రసం వేడిగా పలుచటి కవర్లలో వస్తే వెంటనే స్టీలు గిన్నెలోకి వంచేయండి. వచ్చిన ప్లాస్టిక్ డబ్బాతోనే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

నిమిషాల పందెం ఎవరిది?

2025 డిసెంబరు చివర్లో డెలివరీ కార్మికులు సమ్మె చేశారు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి జోక్యంతో కంపెనీలు 'పది నిమిషాల్లో డెలివరీ' ప్రచారాన్ని పక్కన పెట్టడం మొదలుపెట్టాయి. కాలు విరిగి, భుజానికి డెలివరీ సంచీతోనే మా క్యాజువాలిటీకి వచ్చే కుర్రాళ్లను చూసేవాడిగా ఇది నాకు సంతోషం కలిగించిన వార్త. రోగుల ఇళ్లకూ ఇందులో ఓ పాఠముంది. యాప్‌లో కనిపించే నిమిషాలు అంచనాలే. వాన, ట్రాఫిక్, హోటల్ రద్దీ వాటిని ఎప్పుడైనా తారుమారు చేస్తాయి. వాటిని నమ్మి మాత్ర వేసుకోవద్దు, ఇన్సులిన్ పొడుచుకోవద్దు.

ఇలా చేసి చూడండి

* భోజనానికి ముందు వేసుకునే షుగర్ మాత్ర, ఇన్సులిన్... ఏదైనా సరే, అన్నం కంచంలోకి వచ్చాకే. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మీ మాత్ర ఏ రకమో మీ వైద్యుడిని అడిగి తెలుసుకోండి.
* చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ షుగర్ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
* ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంట్లో అటుకులు, పాలు, అరటిపండ్లు, బ్రెడ్ ఎప్పుడూ ఉండాలి. ఆర్డర్ రాకపోయినా ఆకలి తీరాలి.
* అలసిపోయిన రోజు అన్నం, పెరుగు ఇంట్లోవి ఉంచి కూర ఒక్కటే తెప్పించుకోండి. ఖర్చు, ఉప్పు రెండూ తగ్గుతాయి.
* రాత్రి ఎనిమిది దాటాక భోజనం ఆర్డర్ పెట్టకూడదని ఇంట్లో ఓ నియమం పెట్టుకోండి.
* సరకుల జాబితా ముందే కాగితం మీద రాసుకుని, తర్వాతే యాప్ తెరవండి.
* నెలాఖరున అందరూ కూర్చుని ఆర్డర్ల జాబితా చదవండి. ఎన్నిసార్లు, ఎంత ఖర్చు, ఎన్ని గంటలకు, అందులో కూరగాయలెన్ని? ఈ నాలుగూ చూస్తే చాలు.

మాస్టారిని ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచాం. ఆ మాత్రల ప్రభావం చాలాసేపు ఉంటుంది, గ్లూకోజ్ మళ్లీ పడిపోవచ్చు. తెల్లవారి కొడుకు వీడియో కాల్‌లో కన్నీళ్లు పెట్టుకున్నాడు. 'ఇక ఆర్డర్లు మానేయమంటారా డాక్టర్ గారూ?' అని అడిగాడు. మానొద్దన్నాను. ఇప్పుడు వాళ్ల వీధిలోనే ఓ అమ్మగారు రాత్రి ఏడున్నరకు క్యారేజీ పంపుతున్నారు. కూరగాయలు, పాలు, పండ్లు కొడుకు యాప్‌లోనే తెప్పిస్తున్నాడు. మాస్టారు మాత్రల డబ్బాను మంచం పక్క నుంచి తీసి భోజనాల బల్ల మీద, కంచం పక్కన పెట్టుకున్నారు. మొన్న ఓపీకి వచ్చినప్పుడు నవ్వుతూ అన్నారు... 'ఇప్పుడు కంచం చూశాకే మాత్ర చూస్తున్నానండీ!'