జన్యువు పనిచేసింది, వ్యవస్థ చేతులెత్తేసింది

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌ సింగ్‌ చౌహాన్‌ రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణతో దేశంలో రూపొందిన తొలి వరి రకాలివి. రెంటి మూలాలూ తెలుగు నేలలోనే ఉన్నాయి. హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ ‘డీఆర్‌ఆర్‌ ధాన్‌ 100’ను సాంబ మసూరి నుంచి తయారు చేసింది. రైతులు బీపీటీ అని పిలిచే ఆ సన్నరకం బాపట్లలో పుట్టింది. ‘కమల’ అన్నది ఈ కొత్త రకానికి పెట్టిన ముద్దుపేరు. ఢిల్లీ శాస్త్రవేత్తలు రూపొందించిన రెండోది ‘పూసా డీఎస్‌టీ రైస్‌ 1’. దీనికి మూలం పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు.

జన్యు సాంకేతికతపై మన దగ్గర చర్చ ఎప్పుడూ రెండు కొసల మధ్యే ఊగుతుంది. ఒక వర్గానికి అది ఆకలిని తరిమేసే మంత్రం, మరో వర్గానికి పచ్చి విషం. ఈ రెండు వాదాలనూ తూచి చూడగలిగే అనుభవం తెలుగువారికి పుష్కలంగా ఉంది. ఒకే శాస్త్రం హైదరాబాద్‌ ప్రయోగశాలలో టీకాగా మారి పసిపిల్లల కాలేయాన్ని కాపాడింది. వరంగల్, గుంటూరు పత్తి చేలల్లో కొన్నాళ్లు మేలు చేసి ఆ తర్వాత చతికిలపడింది. ఈ తేడాకు కారణం జన్యువులో కంటే దాని చుట్టూ అల్లుకున్న వ్యవస్థలోనే ఎక్కువగా ఉంది. ధర ఎవరు నిర్ణయించారు, అది ఏ రూపంలో జనానికి చేరింది, చేరాక దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు? కొత్త వరి రకాల భవిష్యత్తు కూడా ఈ మూడు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది.

టీకా గెలిచిన తీరు

ఒక జీవి జన్యువును మరో జీవిలో చేర్చి, మనకు కావలసిన పదార్థాన్ని దానిచేత తయారు చేయించడం జన్యు ఇంజినీరింగ్‌లో తొలి మెట్టు. మధుమేహ రోగులకు ఒకప్పుడు పశువుల, పందుల క్లోమగ్రంథుల నుంచి తీసిన ఇన్సులిన్‌ ఇచ్చేవారు. 1978లో జెనెన్‌టెక్‌ శాస్త్రవేత్తలు మనిషి ఇన్సులిన్‌ను బ్యాక్టీరియాతో ఉత్పత్తి చేయించగలిగారు. 1982లో అమెరికా ఆ మందుకు అనుమతి ఇచ్చింది. జన్యు ఇంజినీరింగ్‌తో తయారై మార్కెట్‌కు వచ్చిన మొదటి ఔషధం అదే. దాన్ని ‘జన్యుమార్పిడి ఇన్సులిన్‌’ అని భయపడి వద్దన్న రోగులు అరుదు.

మన దేశంలో ఈ విద్యకు సామాన్యుడి వాకిలి తెరిచిన ఘనత హైదరాబాద్‌దే. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్‌-బికి టీకా ఉన్నా అది దిగుమతి సరుకు. ఒక్కో డోసుకు వందల రూపాయలు పెట్టడం మధ్యతరగతికి కూడా భారమే. కె.ఐ.వరప్రసాద్‌ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్‌ వైరస్‌ పైపొరలోని ఒక ప్రొటీన్‌ జన్యువును ఈస్ట్‌ కణంలో చేర్చి, 1997లో ‘శాన్‌వాక్‌-బి’ని విడుదల చేసింది. డోసు ధర యాభై రూపాయల స్థాయికి దిగివచ్చింది. మరుసటి ఏడాదే భారత్‌ బయోటెక్‌ సొంత టీకాతో రంగంలోకి దిగడంతో పోటీ పెరిగి ధరలు ఇంకా పడ్డాయి. ప్రభుత్వం 2002లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2011 నాటికి ఈ టీకాను దేశమంతటా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేర్చగలిగింది.

ఇక్కడ శాస్త్రం ఒక్కటే గెలవలేదు. మందు మూసి ఉన్న స్టీలు తొట్టిలో తయారైంది. మనుషులపై దశలవారీగా పరీక్షలు జరిగాయి. ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించాకే బయటకు వదిలారు. టీకాకూ బిడ్డకూ మధ్య ఒక వైద్యుడో నర్సో ఉన్నారు. ఏదైనా తేడా వస్తే సరుకును వెనక్కి పిలిపించే దారి ఉంది. ధర తగ్గించే పోటీ ఉంది, భారీగా కొనే ప్రభుత్వం ఉంది.

పత్తి ఓడిన తీరు

1990ల చివరి ఏళ్లలో పచ్చపురుగు, లద్దెపురుగు పత్తిని ఊడ్చేశాయి. మందుల మీద మందులు కొట్టినా చావని పురుగు ముందు నిస్సహాయులైన వరంగల్‌ రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి సమయంలో మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తీసుకున్న విష ప్రొటీన్‌ జన్యువుతో బీటీ పత్తి వచ్చింది. 2002 మార్చిలో కేంద్రం మహికో-మోన్‌శాంటోకు చెందిన మూడు హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. 2006లో రెండు జన్యువులున్న బోల్‌గార్డ్‌-2 రంగంలోకి వచ్చింది.

తొలి ఏళ్ల లాభాన్ని కాదనడం నిజాయితీ అనిపించుకోదు. కాయతొలుచు పురుగు మందుల వాడకం పడిపోయింది. 2001-02లో 158 లక్షల బేళ్లున్న దేశీయ ఉత్పత్తి 2013-14 నాటికి 398 లక్షల బేళ్లకు చేరింది. ఇందులో కొత్త నీటి వసతికీ, ఎరువులకూ, కొత్తతరం పురుగుమందులకూ ఎంత వాటా ఉంది అన్నదానిపై నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ తర్వాత జారుడే. ఇటీవలి సీజన్లలో ఉత్పత్తి 300 లక్షల బేళ్ల దగ్గర ఊగిసలాడుతోంది. కేంద్ర పత్తి పరిశోధన సంస్థ పూర్వ డైరెక్టర్‌ కేశవ్‌ క్రాంతి, అమెరికా పరిశోధకుడు గ్లెన్‌ డేవిస్‌ స్టోన్‌ 2020లో ‘నేచర్‌ ప్లాంట్స్‌’లో ప్రచురించిన సమీక్ష, బీటీ రాకముందుకంటే రైతు ఇప్పుడు పురుగుమందులపై ఎక్కువ ఖర్చు పెడుతున్నాడని తేల్చింది.

ఎందుకిలా జరిగింది? మొదటి కారణం జన్యువును ఎక్కించిన విత్తనం. అమెరికా, ఆస్ట్రేలియాలు బీటీ జన్యువును హైబ్రిడ్‌ కాని సూటి రకాల్లో పెట్టాయి. మన దేశం హైబ్రిడ్లలో పెట్టింది. హైబ్రిడ్‌ విత్తనాన్ని ఏటా కొనాల్సిందే కాబట్టి కంపెనీకి రాబడి ఖాయం. ఈ ఏర్పాటు పురుగుకు కూడా కలిసొచ్చింది. హైబ్రిడ్‌ మొక్కకు బీటీ జన్యువు సాధారణంగా తల్లి, తండ్రి మొక్కల్లో ఒకదాని నుంచే వస్తుంది. అందుకే దాని కాయలోని గింజలన్నింటిలో విషం ఒకేలా ఉండదు, కొన్నింటిలో అసలే ఉండదు. గింజను తొలిచి బతికే గులాబీ రంగు పురుగు ఈ ఎగుడుదిగుడుల మధ్యే విషాన్ని తట్టుకోవడం నేర్చుకుంది. ఆరు నెలలు దాటినా పీకెయ్యని పత్తి చేను దానికి ఏడాది పొడవునా తిండి పెట్టింది.

రెండో కారణం ఎవరూ పాటించని జాగ్రత్త. పురుగు త్వరగా నిరోధశక్తి పెంచుకోకుండా బీటీ చేను చుట్టూ నాన్‌ బీటీ పత్తి వేయాలన్నది నిబంధన. అందుకోసం 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌ బీటీ విత్తనాన్నో, బదులుగా కందులనో ఇచ్చేవారు. చాలామంది రైతులు దాన్ని గట్టు మీద పారేశారు. పురుగుకు మేత పెట్టడానికి సొంత భూమి వదులుకోమంటే రెండెకరాల రైతు ఎందుకు ఒప్పుకుంటాడు? నష్టపోయే ఆ నాలుగు సాళ్లకు పరిహారం ఇస్తామన్నవారు లేరు, ఎందుకు వేయాలో చేలోకి వచ్చి చెప్పినవారూ తక్కువే. గుజరాత్‌లో గులాబీ పురుగు తొలితరం బీటీని తట్టుకుంటోందని 2010లో మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. కొన్నేళ్లకే బోల్‌గార్డ్‌-2 కూడా ఆ పురుగు ముందు తలవంచింది.

మూడోది ధర. ఒక దశలో 450 గ్రాముల ప్యాకెట్‌పై జన్యువు రుసుమే 1,250 రూపాయలు ఉండేది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి, ప్యాకెట్‌ ధరను 750 రూపాయలకు దించింది. దేశంలో ఆ పోరాటానికి నాంది మనదే. విత్తన ధరను అదుపు చేసిన ప్రభుత్వం విత్తనం నాణ్యత, పురుగు నిఘాల విషయంలో మాత్రం ఆ పట్టుదల చూపలేదు. ఆ ఖాళీలోకే అనుమతి లేని, గడ్డిమందును తట్టుకునే ‘బీజీ-3’ పత్తి దొంగచాటుగా చొరబడింది. బిల్లు లేని విత్తనం మొలవకపోతే రైతుకు అడిగే హక్కు కూడా మిగలదు.

టీకాను కాపలా కాసిన అంచెల్లో చాలామటుకు పత్తికి లేవు. బయట చేలో వదిలిన జన్యువును వెనక్కి పిలవలేం. పురుగు నిత్యం మారుతూనే ఉంటుంది. రైతుకు సలహాదారు ఎరువుల దుకాణం డీలరే. నిజానికి ఆసుపత్రి కంటే చేనుకే ఎక్కువ నిఘా అవసరం. మన దగ్గర అనుమతి కాగితం వరకే శ్రద్ధ, ఆ తర్వాత అంతా రైతు ఖర్మ.

బీపీటీ దారి వేరా?

జన్యు సవరణ బీటీ లాంటిది కాదు. జెన్నిఫర్‌ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్‌ షార్పెంటియర్‌లకు 2020 నోబెల్‌ తెచ్చిపెట్టిన క్రిస్పర్‌ పద్ధతి మొక్కలో ఉన్న జన్యువునే ఒక నిర్ణీత చోట కత్తిరిస్తుంది. కొత్త రకంలో బయటి జీవి జన్యువు మిగలదు. వరిలో సైటోకైనిన్‌ అనే పెరుగుదల హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ ఒకటుంది. కమలలో ఆ ఎంజైమ్‌ జన్యువును సవరించారు. హార్మోన్‌ ఎక్కువసేపు నిలిచి, వెన్నుకు గింజల సంఖ్య పెరుగుతుంది. సాంబ మసూరి కంటే 19 శాతం అధిక దిగుబడి, 20 రోజుల ముందు కోత అన్నది శాస్త్రవేత్తల మాట.

ఆ 20 రోజుల విలువ డెల్టా రైతుకు బాగా తెలుసు. బీపీటీ కోతల వేళకు బంగాళాఖాతంలో తుపాన్లు లేస్తాయి. చివరి ఆయకట్టులో ఆఖరి తడికి నీళ్లు అందవు. తెలంగాణలో రేషన్‌ కార్డులకు సన్నబియ్యం ఇస్తున్నందున సన్నాలకు గిరాకీ స్థిరంగా ఉంది. శాస్త్రవేత్తల మాట నిజమైతే లాభం చిన్నది కాదు. అయితే పరీక్షల గణాంకాలను అనుకూలంగా చూపారని జన్యుమార్పిడి వ్యతిరేక సంస్థలు ఆరోపించాయి, భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి తోసిపుచ్చింది. ఈ తగవు తీరడానికి పత్రికా ప్రకటనలు చాలవు. ప్రతి పరీక్షా కేంద్రంలో ఏ సీజన్‌లో ఎంత దిగుబడి వచ్చిందో ఆ పట్టికలన్నీ బయటపెడితే చాలు.

ఇలాంటి రకాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చి 30న జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. బయటి జన్యువు లేని మొక్కను బీటీతో సమానంగా చూడనక్కర్లేదన్న వాదనలో పస ఉంది. సాంబ మసూరికే ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంప్రదాయ సంకరంతో, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో చేర్చి సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అయితే మినహాయింపు పరీక్షలకే పరిమితం కావాలి, పారదర్శకతకు పాకకూడదు. విత్తన సంచిపై ‘జన్యు సవరణ’ అని రాయాలి. క్రిస్పర్‌ పరికరంపై పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఈ కొత్త వరి సూటి రకం కాబట్టి రైతు సొంత విత్తనం దాచుకోవచ్చు, 2001 నాటి రైతు హక్కుల చట్టం అందుకు భరోసా ఇస్తోంది. పేటెంట్‌ ఒప్పందం ఆ హక్కును కొరుక్కు తినదని ప్రభుత్వం ముందే రాసివ్వాలి.

నష్టం జరిగితే ఎవరిది బాధ్యత అన్నది మరో ప్రశ్న. 2006లో అనుమతి లేని బేయర్‌ జన్యుమార్పిడి వరి ఆనవాళ్లు అమెరికా బియ్యంలో బయటపడగానే విదేశీ కొనుగోలుదారులు మొహం చాటేశారు. చివరికి 2011లో ఆ కంపెనీ రైతులకు 75 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. బియ్యం ఎగుమతుల్లో ముందున్న మనకు అలాంటి బాధ్యతను తేల్చే ప్రత్యేక చట్టం లేదు. 2013లో పార్లమెంటుకు వచ్చిన బయోటెక్నాలజీ నియంత్రణ ప్రాధికార బిల్లు చర్చకైనా రాకుండా మురిగిపోయింది. జన్యుమార్పిడి ఆవాల అనుమతిపై 2024 జులై 23న సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలినా, జాతీయ విధానం కావాలన్న విషయంలో ఇద్దరు న్యాయమూర్తులూ ఏకమయ్యారు.

వైద్యంలో మిగిలిన అడ్డుగోడ

వైద్యంలో భద్రత వ్యవస్థ గట్టిది, అక్కడ అడ్డుగోడ ధరదే. కొడవలి కణ రక్తహీనతకు క్రిస్పర్‌తో చేసే కాస్‌జెవీ చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల రూపాయల పైమాటే. ఆ జబ్బు మన దగ్గర ఎక్కువగా పీడిస్తున్నది పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్‌ వంటి ప్రాంతాల గిరిజన కుటుంబాలను. 2023లో మొదలైన జాతీయ మిషన్‌ 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. జబ్బు ఉందని చెప్పి చేతులు దులుపుకుంటే ఆ పరీక్ష వల్ల రోగికి ఒరిగేది తక్కువ.

దారి లేకపోలేదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్‌ ఆసుపత్రి కృషితో రూపుదిద్దుకున్న, రోగి రక్షణ కణాలనే జన్యుపరంగా మార్చి వాడే కార్‌-టి క్యాన్సర్‌ చికిత్స ‘నెక్స్‌కార్‌19’కు 2023లో అనుమతి వచ్చింది. దాని ధర విదేశీ చికిత్సల్లో సుమారు పదోవంతు. సామాన్యుడికి అదీ మోయలేని భారమే, కానీ శాన్‌వాక్‌ చూపిన దారి ఇంకా మూసుకుపోలేదని తేలింది. కొడవలి కణానికి దేశీయ జన్యు చికిత్సపై ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్‌-ఐజీఐబీ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. ప్రజాధనంతో పుట్టే చికిత్సను ప్రైవేటు సంస్థకు అప్పగించేటప్పుడే ధర షరతు ఒప్పందంలో ఉండాలి. అమ్మకాలు మొదలయ్యాక బతిమాలితే ధర దిగదు.

విత్తనం విషయంలోనూ అంతే. కమల రైతు చేతికి పూర్తిగా చేరకముందే ప్రభుత్వం చేయవలసిన పనులు నాలుగున్నాయి. పరీక్షల ఫలితాలన్నీ వెల్లడించాలి. విత్తనాన్ని ప్రభుత్వ సంస్థల ద్వారా, దాచుకునే హక్కుతో ఇవ్వాలి. తెగులు, పురుగు, దిగుబడి వివరాలను ఏటా రైతు సేవా కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా సేకరించి ప్రచురించాలి. నష్టపరిహారాన్ని చట్టంలో రాయాలి. వీటికి కొత్త శాస్త్రం అక్కర్లేదు, రాజకీయ సంకల్పం చాలు. పత్తి విషయంలో ఈ పనులను వాయిదా వేసిన మూల్యం రెండు దశాబ్దాలుగా రైతే కడుతున్నాడు. వరి దగ్గర కూడా అదే జరిగితే, నింద జన్యువు మీదకు నెట్టి తప్పుకునే అవకాశం పాలకులకు ఇవ్వకూడదు.